సగటు స్పీడు 41, అయినా రికార్డింగ్ ఆగిపోయింది: మూడు ఫోన్లు, నాలుగు మెమరీ కార్డుల కేస్ స్టడీ

రికార్డింగ్ 47వ నిమిషంలో ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన తన ఉద్యోగంలోని మొదటి రోజుల గురించి చెబుతూనే ఉన్నారు. ట్రైపాడ్ మీదున్న ఫోన్‌లో చిన్న సందేశం ఒకటి వచ్చి పోయింది. మా రికార్డిస్టు అది గమనించేసరికి ఇంకో పదకొండు నిమిషాలు గడిచిపోయాయి. ఆ పదకొండు నిమిషాలు ఎక్కడా లేవు.

ఆగిన ఫైలు కూడా తెరుచుకోలేదు. ఎంపీ4 ఫైలులో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక సాధారణంగా రికార్డింగ్ ముగిశాకే, ఫైలు చివర రాయబడుతుంది. రికార్డింగ్ సరిగ్గా మూతపడకపోతే వీడియో డేటా అంతా ఉన్నా ప్లేయర్‌కు దారి తెలియదు. అదే ఫోన్‌లో అదే సెట్టింగ్‌తో తీసిన ఇంకో మంచి ఫైలును నమూనాగా ఇచ్చి, అన్‌ట్రంక్ అనే టూల్‌తో 47 నిమిషాలనూ బయటకు తీయగలిగాను. మిగతాది పెద్దాయన మళ్ళీ చెప్పారు. కానీ రెండోసారి చెప్పినప్పుడు మొదటిసారి దొర్లిన మాటలు రావు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఈ పరీక్షలన్నీ చేయడానికి కారణం అదే.

మాది చిన్న బృందం. పదవీ విరమణ చేసినవాళ్ళ అనుభవాలను రెండేసి గంటల సంభాషణలుగా ఫోన్‌తో 4కె వీడియో తీసి భద్రపరుస్తాం. ఫోన్లు, కార్డులు, బ్యాకప్‌లు చూసుకునే బాధ్యత నాది. "అన్నా, కార్డు స్లో అయిపోయినట్టుంది, ఇంకా స్పీడుది కొనేద్దాం" అన్నాడు రికార్డిస్టు. కానీ ఆగిపోయిన కార్డే మా దగ్గరున్న వాటన్నిటిలోకీ స్పీడైనది. పెట్టె మీద సెకనుకు 170 మెగాబైట్ల వరకు అని ఉంది. ఎనిమిది నెలల క్రితమే కొన్నాం. అంతకంటే స్పీడైనది కొంటే సమస్య తీరుతుందని నాకు నమ్మకం కలగలేదు. వారం రోజులు టైమ్ అడిగాను.

ముందు, పనికి ఎంత కావాలి?

మా ఫోన్‌లో 4కె వీడియో సెకనుకు సుమారు 50 మెగాబిట్ల చొప్పున తయారవుతుంది. ఇక్కడ చాలామంది తడబడతారు. వీడియో లెక్క బిట్లలో ఉంటుంది, కార్డు లెక్క బైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 50 మెగాబిట్లంటే 6.25 మెగాబైట్లే. గంటకు సుమారు 22.5 జీబీ. అంటే కార్డు సెకనుకు 6.25 మెగాబైట్లు రాసుకోగలిగితే చాలు. ఆగిపోయిన కార్డు మీద వీ30 గుర్తు ఉంది, అంటే సెకనుకు కనీసం 30. అవసరానికి దాదాపు ఐదు రెట్లు.

ఐదు రెట్ల సామర్థ్యం ఉన్న కార్డు ఎందుకు చేతులెత్తేసిందన్నదే నా అసలు ప్రశ్న. ఏ కార్డు ఎక్కువ స్పీడన్నది దాని తర్వాతి సంగతి.

పరీక్షకు మా దగ్గరున్న నాలుగు కార్డులూ తీసుకున్నాను. ఒకటి పాతది, 64 జీబీ, క్లాస్ 10, యూ1 గుర్తులు మాత్రమే ఉన్నది. రెండోది ఆగిపోయినది, 128 జీబీ, యూ3, వీ30, ఏ2. మూడోది 128 జీబీ, యూ3, వీ30, ఏ1. నాలుగోది ఎవరో మాకు ఇచ్చిన 256 జీబీ కార్డు, దాని మీద అన్ని గుర్తులూ ఉన్నాయి. ఇకపై వీటిని పాతది, ఏ2 కార్డు, ఏ1 కార్డు, 256 అని పిలుస్తాను. ఫోన్లు మూడు: రికార్డింగ్‌కు వాడేది మొదటి ఫోన్, ఇంకో రెండు పాతవి.

గుర్తుల సంగతి క్లుప్తంగా. క్లాస్ 10, యూ1, వీ10 మూడూ చెప్పేది ఒకటే: వరుసగా రాసేటప్పుడు సెకనుకు కనీసం 10 మెగాబైట్లు. యూ3, వీ30 అంటే కనీసం 30. వీ60, వీ90 కూడా ఉన్నాయి కానీ అవి ఎక్కువగా రెండో వరుస పిన్నులున్న, యూహెచ్‌ఎస్-2 అనే ఎక్కువ స్పీడు రకం కార్డుల మీద, కెమెరాల కోసం వస్తాయి. పెద్ద అక్షరాల్లో కనిపించే 100, 170 లాంటి అంకెలు వేరు. అవి "వరకు" అంకెలు, అదీ చాలావరకు చదివే స్పీడుకు సంబంధించినవి. చిన్న గుర్తు కనీసాన్ని చెబుతుంది, పెద్ద అంకె గరిష్ఠాన్ని చెబుతుంది. కొనేటప్పుడు మన కళ్ళు పెద్ద అంకె మీదే పడతాయి. నా కళ్ళూ అక్కడే పడ్డాయి. ఏ1, ఏ2 గుర్తులు యాప్‌ల డేటా లాంటి చిన్న చిన్న ముక్కలను చదివే, రాసే స్పీడుకు సంబంధించినవి, వాటి సంగతి చివర్లో చెబుతాను.

రెండు తప్పుడు పరీక్షలు

మొదట చేసింది అందరూ చేసేదే. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి 10 జీబీ ఫైలు ఒకటి కార్డులోకి కాపీ చేసి టైమ్ చూశాను. నాలుగు కార్డులూ 23 నుంచి 28 మెగాబైట్ల మధ్యే వచ్చాయి. పదేళ్ళ నాటి టెక్నాలజీ కార్డు, నిన్నగాక మొన్న కొన్న కార్డు ఒకే స్పీడుతో రాస్తున్నాయంటే, కొలుస్తున్నది కార్డులను కాదన్నమాట. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నది కేబుల్, ఎంటీపీ అనే బదిలీ పద్ధతి. మా ఫోన్ పోర్టు యూఎస్‌బీ 2.0 రకం. కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లున్నా, ఎంటీపీ ద్వారా చేతికి అందేది అందులో సగం కంటే తక్కువే. చెరువు ఎంత పెద్దదైనా పారే నీరు తూము వెడల్పును బట్టే ఉంటుంది. నేను తూమును కొలిచి నాలుగు చెరువులూ ఒకటే అనుకోబోయాను.

రెండోసారి ఫోన్‌లోనే స్పీడు కొలిచే బెంచ్‌మార్క్ యాప్ ఒకటి వేసి నడిపాను. ఇందులో చదివే స్పీడు 600 దాటింది! అది అసాధ్యం. మన ఫోన్లలో ఫోన్‌కూ కార్డుకూ మధ్య ఉండే యూహెచ్‌ఎస్-1 అనే దారి గరిష్ఠంగా సెకనుకు 104 మెగాబైట్లు మాత్రమే మోయగలదు. దాన్నే ఎస్‌డీఆర్104 మోడ్ అంటారు. మరి 600 ఎక్కడి నుంచి వచ్చింది? ర్యామ్ నుంచి. యాప్ 1 జీబీ ఫైలు రాసి, వెంటనే దాన్నే చదివింది. ఆండ్రాయిడ్ ఆ ఫైలును అప్పటికే ర్యామ్‌లో పట్టి ఉంచింది. ఆరు జీబీల ర్యామ్ ఉన్న ఫోన్‌కు 1 జీబీ ఫైలు గుర్తుంచుకోవడం పెద్ద పని కాదు. కార్డును తాకకుండానే సమాధానం వచ్చేసింది.

దీనికి విరుగుడు సులువే. ఫైలు రాశాక కార్డును సెట్టింగ్స్‌లో ఎజెక్ట్ చేసి మళ్ళీ మౌంట్ చేయాలి, లేదా ఫోన్ రీస్టార్ట్ చేయాలి. ఆ తర్వాతే చదివే స్పీడు కొలవాలి. రాసే పరీక్షలో కూడా ఇదే ఉచ్చు ఉంది. ఫైలు ర్యామ్‌లోకి చేరగానే "రాయడం అయిపోయింది" అని సిస్టమ్ చెప్పేస్తుంది. నిజంగా కార్డులోకి దిగే వరకు ఆగమని, అంటే ఎఫ్‌సింక్ చేయమని, అడిగితేనే సరైన టైమ్ వస్తుంది. కొన్ని బెంచ్‌మార్క్ యాప్‌లు ఈ రెండు జాగ్రత్తలూ తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. 104 కంటే ఎక్కువ చూపించిన యాప్‌ను అప్పటి నుంచి పక్కన పెట్టేశాను.

మరి పెట్టె మీది 170 సంగతేమిటి? అది అబద్ధం కాదు. కొన్ని కంపెనీలు ఈ కార్డుల నియమాలు నిర్ణయించే ఎస్‌డీ సంఘం ప్రమాణానికి బయట, తమ సొంత మోడ్‌లో యూహెచ్‌ఎస్-1 పిన్నుల మీదే ఎక్కువ స్పీడు సాధిస్తాయి. దానికి ఆ మోడ్ తెలిసిన ప్రత్యేక కార్డు రీడర్ కావాలి. మా ఫోన్లకు ఆ మోడ్ తెలియదు. మామూలు ఫోన్‌లో పెడితే అది 104 లోపు కార్డే. జాగ్రత్తగా కొలిస్తే మొదటి ఫోన్‌లో ఏ2 కార్డు 84, ఏ1 కార్డు 81 చదివాయి. పెట్టెల మీద 170, 100. ఫోన్‌లో తేడా మూడు.

ముందు నింపి చూడటం

స్పీడు కొలిచే ముందు ప్రతి కార్డులోనూ ఖాళీగా ఉన్న చోటంతా నింపి, మళ్ళీ చదివి సరిచూసి, ఆ పరీక్ష ఫైళ్ళు తీసేశాను. లినక్స్‌లో ఎఫ్3 అనే టూల్ ఈ పని చేస్తుంది, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఉంది. గంటల తరబడి పడుతుంది, ఓపిక కావాలి. కానీ ఈ మెట్టు దాటకుండా స్పీడు కొలవడం అర్థం లేని పని.

256 ఇక్కడే దొరికిపోయింది. ఫోన్ దాన్ని 238 జీబీగా చూపించింది. అది సహజమే, వెయ్యితో లెక్కించే జీబీకీ 1024తో లెక్కించే జీబీకీ ఉన్న తేడా అది. కానీ రాసింది తిరిగి చదివితే 29 జీబీ దగ్గర నుంచి అంతా చెత్త. లోపల ఉన్నది చిన్న చిప్పు, కార్డును నడిపే కంట్రోలర్‌కు పెద్ద అంకె చెప్పమని నేర్పి పెట్టారు. ఇలాంటి కార్డు నిండాక ఎర్రర్ ఇవ్వదు, రాసినట్టే నటిస్తుంది. ఫైలు పేరు కనిపిస్తుంది, సైజు కనిపిస్తుంది, లోపల ఏమీ ఉండదు. దీన్ని రెండు గంటల సంభాషణకు వాడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం వేసింది. కత్తెరతో రెండు ముక్కలు చేసి పారేశాను. ఎవరికీ ఇవ్వకూడదు, డ్రాయర్‌లో కూడా ఉంచకూడదు.

ఈ 256 మామూలు బెంచ్‌మార్క్‌లో బాగానే పాసయింది. 1 జీబీ ఫైలుతో చేసే పరీక్షకు 29 జీబీ చిప్పు చాలు కదా.

పొడవాటి పరీక్ష

బెంచ్‌మార్క్ యాప్ ఏ2 కార్డుకు రాసే స్పీడు 58 అని చూపించింది. మూడింటిలోకీ అదే ఎక్కువ. పాత కార్డు 25. ఈ అంకెలు చూస్తే ఎవరైనా ఏ2 కార్డునే రికార్డింగ్‌కు ఎంచుకుంటారు. కానీ పరీక్ష అర నిమిషంలో అయిపోతుంది, మా రికార్డింగ్ రెండు గంటలు. పరుగు పందెంలో గెలిచినవాడు బరువు మోయగలడని ఏముంది?

అందుకని పనిని పోలిన పరీక్ష తయారు చేశాను. ముందుగా 100 మెగాబైట్ల ఫైలు ఒకటి, అర్థం లేని యాదృచ్ఛిక డేటాతో, ఫోన్ లోపలి మెమరీలో పెట్టాను. కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే ఏడీబీ షెల్ ద్వారా ఒక చిన్న స్క్రిప్టు ఆ ఫైలును కార్డులోకి వరుసగా 120 సార్లు కాపీ చేస్తుంది, ప్రతిసారీ ఎఫ్‌సింక్ చేసి, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటుంది. కమాండ్ నడిచేది ఫోన్‌లోపలే కాబట్టి ఇక్కడ కేబుల్ అడ్డం రాదు. ఫ్లైట్ మోడ్ ఆన్, బ్యాటరీ సగం పైన, మిగతా యాప్‌లన్నీ బంద్. ఒక పరీక్షకూ ఇంకోదానికీ మధ్య పదిహేను నిమిషాల విరామం, ఎందుకంటే కార్డు తన లోపలి సర్దుబాట్లు తీరిక దొరికినప్పుడే చేసుకుంటుంది. ఒక్కో కార్డును మూడేసి సార్లు కొలిచాను. ఏ2 కార్డును ఉన్నదున్నట్టుగా, అప్పటికి నిండి ఉన్న 112 జీబీతో సహా, ఫార్మాట్ చేయకుండా పరీక్షించాను. రోగిని స్నానం చేయించి కొత్త బట్టలు వేసి పరీక్షిస్తే రోగం దొరకదు.

ఏ2 కార్డు: ఎక్కువ భాగం ఒక్కో 100 మెగాబైట్లకు 1.8 సెకన్ల చొప్పున నడిచింది. అయితే ఎనిమిది పదింటికి ఒకటి చొప్పున 6 సెకన్లు, 9 సెకన్లు, ఒకసారి 14 సెకన్లు పట్టింది. మొత్తం మీద సగటు స్పీడు సెకనుకు 41 మెగాబైట్లు.

పాత కార్డు: ప్రతి ముక్కకూ 4.0 నుంచి 4.4 సెకన్లు. 120 ముక్కల్లో అన్నిటికంటే ఆలస్యమైనది 4.9 సెకన్లు. సగటు స్పీడు 24.

సగటు చూస్తే ఏ2 కార్డు చాలా ముందుంది. కానీ ఆ 14 సెకన్ల ముక్కలో ఏం జరిగిందో చూడాలనిపించింది. ముక్క సైజును 4 మెగాబైట్లకు తగ్గించి మళ్ళీ నడిపాను. మామూలుగా సెకనులో పదో వంతు కూడా పట్టని ముక్క, కొన్నిచోట్ల 3, 4 సెకన్లు నిలబడిపోయింది. ఒకచోట 6 సెకన్లు. అన్ని సెకన్లూ కార్డు ఏమీ తీసుకోలేదు.

ఇప్పుడు కెమెరా వైపు నుంచి చూడండి. వీడియో సెకనుకు 6.25 మెగాబైట్ల చొప్పున వస్తూనే ఉంటుంది, అది ఆగదు. ఆరు సెకన్లు కార్డు తలుపు మూసుకుంటే 37 మెగాబైట్లకు పైగా బయట వేచి ఉండాలి. మా కెమెరా యాప్ అంత డేటాను పట్టి ఉంచలేకపోయింది, రికార్డింగ్ ఆపేసింది. తర్వాతి సెకను నుంచి కార్డు 58 స్పీడుతో రాయగలదన్నది నిజమే కానీ, అప్పటికి రాయడానికి ఏమీ మిగల్లేదు.

అప్పటి నుంచి నా నోట్సులో సగటు అనే గడి తీసేశాను. ఆ స్థానంలో "అతి ఆలస్యమైన ముక్క" అని రాసుకుంటున్నాను.

కార్డు ఎందుకు నిలబడిపోతుంది?

ఫ్లాష్ మెమరీలో రాయడం ఒక పేజీ చొప్పున జరుగుతుంది, చెరపడం మాత్రం ఎన్నో పేజీలున్న పెద్ద బ్లాకు చొప్పున జరుగుతుంది. రాసిన పేజీ మీద నేరుగా మళ్ళీ రాయలేం. ముందు బ్లాకు మొత్తం చెరపాలి. ఆ బ్లాకులో ఇంకా పనికొచ్చే డేటా ఉంటే దాన్ని ముందు వేరేచోటికి తరలించాలి. ఖాళీ బ్లాకులు నిల్వ ఉన్నంత కాలం ఈ తిప్పలు బయటకు కనిపించవు. ఆ నిల్వ అయిపోయాక, రాయమని వచ్చిన ప్రతి ఆదేశం వెనకాల ఈ తరలింపు, చెరపడం పని కూడా అప్పటికప్పుడే పడుతుంది.

మా ఏ2 కార్డు ఎనిమిది నెలలుగా సర్వ పనులకూ వాడాం. వీడియోలు, ఫొటోలు, ఆడియో క్లిప్పులు అన్నీ అందులోనే. చోటు చాలనప్పుడల్లా నాలుగు ఫొటోలు, రెండు క్లిప్పులు తీసేస్తూ వచ్చాం. మనం ఫైలు డిలీట్ చేస్తే ఫైలు జాబితాలో గీత పడుతుందంతే. ఆ పేజీలు ఇక అక్కర్లేదన్న సమాచారం డిస్కార్డ్ ఆదేశం రూపంలో వెళ్తేనే కార్డుకు తెలుస్తుంది. వెళ్ళకపోతే చనిపోయిన డేటాను కూడా కార్డు జాగ్రత్తగా మోసుకుంటూ తిరుగుతుంది. 112 జీబీ నిండి, మిగిలిన చోటు కూడా ముక్కలు ముక్కలుగా ఉన్న కార్డు ఇంకెలా పనిచేస్తుంది?

వీ30 హామీ ఏమైందని అడగవచ్చు. ఆ హామీకి షరతులున్నాయి. వీడియో రాసే పరికరం ప్రమాణంలో చెప్పిన పద్ధతిలో, పూర్తిగా ఖాళీగా ఉన్న పెద్ద పెద్ద విభాగాల్లో వరుసగా రాసుకుంటూ పోవాలి. ఫోన్‌లో కెమెరా యాప్ ఫైల్ సిస్టమ్ ద్వారా, ఎక్కడ చోటుంటే అక్కడ, మామూలు ఫైలులా రాస్తుంది. చోటు చిందరవందరగా ఉంటే ఆ గుర్తు ఇచ్చే భరోసా వర్తించదు.

చికిత్స ఇలా చేశాను. మొత్తం డేటా రెండు చోట్ల బ్యాకప్ తీసి, ప్రతి ఫైలునూ తెరిచి చూశాను. తర్వాత కార్డును లినక్స్ లాప్‌టాప్‌లో ఉన్న సొంత స్లాటులో పెట్టి బ్లాక్‌డిస్కార్డ్ కమాండ్ ఇచ్చాను. అది కార్డుకు "నీ దగ్గరున్నదంతా చెరిపేసుకో" అని నేరుగా చెబుతుంది. బయట కొనే యూఎస్‌బీ కార్డు రీడర్లలో చాలావాటి ద్వారా ఈ ఆదేశం వెళ్ళదు, అందుకే సొంత స్లాటు వాడాను. ఆ తర్వాత ఎస్‌డీ సంఘం ఉచితంగా ఇచ్చే ఫార్మాటర్‌తో ఫార్మాట్ చేశాను. అది కార్డు లోపలి బ్లాకుల హద్దులకు సరిపోయేలా ఫైల్ సిస్టమ్‌ను పేరుస్తుంది.

మళ్ళీ అదే 120 ముక్కల పరీక్ష. అతి ఆలస్యమైన ముక్క 14 సెకన్ల నుంచి 2.9కి దిగింది. అప్పుడు 60 జీబీ ఏకధాటిగా రాయించాను. మొదటి 20 జీబీ దాకా 60 దగ్గర నడిచి, అక్కడి నుంచి 35 దగ్గర స్థిరపడింది. కార్డు మొదట్లో వచ్చే డేటాను సెల్‌కు, అంటే డేటా దాచే అతి చిన్న గడికి, ఒక్క బిట్ చొప్పున త్వరగా రాసుకుని, ఆ చోటు నిండాక సెల్‌కు మూడు బిట్ల చొప్పున నెమ్మదిగా రాసే పద్ధతిలోకి వెళ్తే సరిగ్గా ఇలాంటి మెట్టే కనిపిస్తుంది. 35 అయినా మాకు ఐదు రెట్లు ఎక్కువే. ముఖ్యమైన మాట ఏమిటంటే, ఎక్కడా సెకను కంటే ఎక్కువసేపు నిలబడలేదు.

అవే కార్డులు, ఇంకో ఫోన్

కార్డులు మాత్రమే మార్చి చూసి ఉంటే ఈ భాగం తెలిసేదే కాదు. మూడు కార్డులను మూడు ఫోన్లలోనూ పెట్టి కొలిచాను.

రెండో ఫోన్‌లో ఏ కార్డు పెట్టినా చదివే స్పీడు 22 దాటలేదు. ఆ 22 అంకె నాకు ఆసక్తి కలిగించింది. యూహెచ్‌ఎస్ కంటే ముందు ఉన్న హై స్పీడ్ మోడ్ గరిష్ఠం 25 మెగాబైట్లు. దానికి కాస్త కిందే ఆగుతోందంటే, ఫోనూ కార్డూ యూహెచ్‌ఎస్ మోడ్‌లోకి వెళ్ళడానికి ఒప్పందం కుదరక, పాత మోడ్‌లోనే మాట్లాడుకుంటున్నాయని అర్థం. కార్డు మొదట 3.3 వోల్టులతో మొదలై, యూహెచ్‌ఎస్ కోసం 1.8 వోల్టుల సిగ్నల్‌కు మారాలి. కాంటాక్టులు మురికిగా ఉండి సిగ్నల్ చెడితే, పెద్ద స్పీడు వదులుకుని చిన్న స్పీడుతో సరిపెట్టుకోవడం జరుగుతుంది. స్క్రీన్ మీద ఏ ఎర్రరూ రాదు. కార్డు పనిచేస్తూనే ఉంటుంది.

కార్డుల బంగారు కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచాను. మార్పు లేదు. ఫోన్ ఆఫ్ చేసి, ట్రే తీసి, స్లాటులో బ్లోయర్‌తో దుమ్ము ఊది, అదే ఆల్కహాల్ అంటిన సన్నని స్వాబ్‌తో చాలా జాగ్రత్తగా తుడిచి, పూర్తిగా ఆరాక కార్డు పెట్టాను. ఏ1 కార్డు 74 చదివింది. నెలల తరబడి మేం "ఈ ఫోన్ పాతదైపోయింది" అని పక్కన పడేసిన ఫోన్ అది.

మూడో ఫోన్‌లో ఎంత తుడిచినా 42 దగ్గరే ఆగింది. అన్ని మంచి కార్డులకూ అదే. యూహెచ్‌ఎస్-1లోనే 50 మెగాబైట్ల హద్దున్న మోడ్‌లు ఉన్నాయి, ఆ ఫోన్ వాటిలో ఒకటి దాటి వెళ్ళదని తేల్చుకున్నాను. దానికి ఖరీదైన కార్డు పెట్టడం వృథా. పాత 64 జీబీ కార్డు దానికి పెట్టాం.

వేడి గురించి కూడా ఒక మాట. రికార్డింగ్ జరిగినప్పుడు మొదటి ఫోన్ కవర్‌లో ఉంది, చార్జింగ్‌లో ఉంది, 4కె తీస్తోంది. ఆ మూడూ కలిపి పొడవాటి పరీక్ష చేస్తే అదే పనికి మూడో వంతు టైమ్ ఎక్కువ పట్టింది. కవర్ తీసేసి, చార్జర్ తీసేసి చేస్తే మామూలు స్థితికి వచ్చింది. కార్డులు 85 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకునేలానే తయారవుతాయి కానీ, అంతకు చాలా ముందే ఫోన్ తనను తాను చల్లబరుచుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది.

ఏ1, ఏ2

ఎస్‌డీ కార్డు 1999లో వచ్చినప్పుడు దాని పని కెమెరా, మ్యూజిక్ ప్లేయర్ లాంటి వాటిలో పెద్ద ఫైళ్ళను వరుసగా దాచడం. ఫోన్ అలా వాడదు. గ్యాలరీ తెరిస్తే వందల చిన్న బొమ్మలను అక్కడొకటి ఇక్కడొకటి చదువుతుంది. 2015లో ఆండ్రాయిడ్ 6.0 వచ్చి, కార్డును ఫోన్ సొంత మెమరీలో భాగంగా కలుపుకునే వీలు ఇచ్చాక యాప్‌ల డేటా కూడా కార్డు మీదికి చేరింది. అందుకే 2016లో ఏ1, 2017లో ఏ2 గుర్తులు వచ్చాయి. ఏ1 అంటే సెకనుకు 1500 చిన్న చదువులు, 500 చిన్న రాతలు. ఏ2 అంటే 4000, 2000. ఒక్కోటీ 4 కిలోబైట్లు. మెగాబైట్లలోకి మార్చి చూస్తే ఏ1 కనీసం చదవడానికి సుమారు 6, రాయడానికి 2 మాత్రమే. పెట్టె మీది 100, 170ల పక్కన ఇవి ఎంత చిన్నవో చూడండి. గ్యాలరీ తడబడేది ఈ చిన్న అంకెల దగ్గరే.

మొదటి ఫోన్‌లో ఏ1 కార్డు చిన్న చదువుల్లో 7.5, రాతల్లో 2.8 చూపింది. ఏ2 కార్డు, ఫార్మాట్ చేశాక కూడా, 8, 3. నాలుగు రెట్ల రాత స్పీడు ఎక్కడా కనిపించలేదు. కారణం కార్డులో లేదు. ఏ2 తన స్పీడు అందుకోవాలంటే చాలా ఆదేశాలను ఒకేసారి వరుసలో తీసుకునే కమాండ్ క్యూ, కార్డు లోపలి తాత్కాలిక నిల్వ అయిన క్యాష్ అనే రెండు సదుపాయాలను ఫోన్ కూడా వాడుకోవాలి. ఫోన్ వాడుకోకపోతే ఏ2 కార్డు దాదాపు ఏ1 కార్డులాగే నడుస్తుంది. పాత కార్డు మాత్రం చిన్న రాతల్లో 0.6 దగ్గర కుంటింది. రికార్డింగ్‌లో అంత నమ్మకంగా నడిచిన కార్డు, ఫొటోల ఆల్బమ్ తెరిస్తే విసుగు పుట్టిస్తుంది. ఒక కార్డు మంచిదా కాదా అని ఎవరైనా అడిగితే, దేనికి అని తిరిగి అడగడం నాకు అప్పటి నుంచి అలవాటైంది.

ఇప్పుడు ఎలా నడుస్తోంది

మొదటి ఫోన్‌లో ఏ1 కార్డు రికార్డింగ్‌కు మాత్రమే ఉంటుంది. ఫొటోలు, క్లిప్పులు అందులో పెట్టం. ప్రతి సంభాషణ తర్వాత బ్యాకప్ తీసి సరిచూశాక, ఒక్కో ఫైలు డిలీట్ చేయకుండా కార్డు మొత్తం ఫార్మాట్ చేస్తాం. నెలకోసారి బ్లాక్‌డిస్కార్డ్ చేసి, 120 ముక్కల పరీక్ష నడిపి, అతి ఆలస్యమైన ముక్కను నోట్సులో రాస్తాను. అది 5 సెకన్లు దాటితే ఆ కార్డుకు రికార్డింగ్ నుంచి సెలవు. చార్జర్ అవసరమైతే విరామంలోనే పెడతాం, కవర్ తీసేస్తాం. అరగంటకోసారి రికార్డింగ్ ఆపి కొత్త ఫైలు మొదలుపెడతాం, ఏదైనా జరిగినా పోయేది ఒక ముక్కే.

ఏ2 కార్డు శుభ్రపడ్డాక మూడు వారాలు బాగా పనిచేసింది. నాలుగో వారం పరీక్షలో 40 జీబీ దాటాక ఒకచోట 3 సెకన్లు నిలబడింది, తర్వాతి రోజు దాదాపు అదే చోట మళ్ళీ నిలబడింది. ఎఫ్3తో నింపి చూస్తే డేటా అంతా సరిగ్గానే ఉంది. అయినా దాన్ని పెద్దల ముందు పెట్టే ధైర్యం నాకు లేదు. రెండో ఫోన్‌లో ఫొటోలకు వాడుతున్నాం. ఆ పెద్దాయనతో రెండో భాగం సంభాషణ వచ్చే వారం ఉంది. ఈసారి రెండు ఫోన్లు పెడుతున్నాం.